5 నెలలకే పగిలిన 16 అంగుళాల క్రాష్ సింబల్: వారంటీలో మార్పించుకోవడం ఎలా?

కావలి_స్టిక్స్ | నవంబర్ 3, రాత్రి 10.15

అందరికీ నమస్కారం. నాది కావలి. ఆదివారాలు చర్చిలో, మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాను. జూన్‌లో మద్రాసు వెళ్ళి ఒక షాపులో 16 అంగుళాల క్రాష్ సింబల్ (డ్రమ్ సెట్‌లో స్టాండు మీద ఉండే గుండ్రటి కంచు పళ్ళెం) కొన్నాను. 17,800 రూపాయలు. ఏడాది పాటు ప్రోగ్రాం డబ్బులు దాచుకుని కొన్నది. బి20 అనే రకం కంచు, మంచి కంపెనీయే. పేరు ఇక్కడ రాయను, వాళ్ళింకా ఏ మాటా చెప్పలేదు కదా.

మొన్న ఆదివారం రెండో పాట మధ్యలో శబ్దం మారింది. ఎప్పుడూ ఝమ్మని విచ్చుకునేది. ఆ రోజు రేకు మీద కొట్టినట్టు గరగరమని చటుక్కున ఆగిపోయింది. ఆరాధన అయ్యాక దించి కిటికీ వెలుతురులో చూస్తే, అంచుకు రెండు వేళ్ళ లోపల వెంట్రుకలాంటి గీత. గోరు పెడితే తగులుతోంది.

షాపుకు ఫోన్ చేశాను. "కొట్టి వాయించే వస్తువు పగలదా, పగుళ్ళకు వారంటీ ఉండదు" అని పెట్టేశారు. బిల్లు మీద మాత్రం ఏడాది వారంటీ అని ఉంది. క్రిస్మస్‌కు ఏడు వారాలే టైముంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎవరైనా సింబల్ మార్పించుకున్నవాళ్ళు ఉన్నారా?

నెల్లూరు_బ్యాండ్‌సెట్ | నవంబర్ 3, రాత్రి 10.50

తమ్ముడూ, ముందు దాంతో వాయించడం ఆపు. కంచులో పగులు పుట్టిందంటే పాకుతూనే ఉంటుంది. మేమైతే పగులు చివర చిన్న బెజ్జం కొట్టిస్తాం. లేత్ షెడ్డులో పది నిమిషాల పని. పగులు ఆ బెజ్జం దగ్గర ఆగుతుంది. మా దగ్గర ఒక సింబల్ అలాగే మూడేళ్ళుగా పెళ్ళి ఊరేగింపుల్లో మోగుతోంది.

ఒంగోలు_డ్రమ్ములసార్ | నవంబర్ 3, రాత్రి 11.05

బెజ్జం వద్దు! అన్నా, మీ పద్ధతి తప్పని కాదు. వారంటీ అయిపోయిన సింబల్‌కు నేనూ అదే చేయిస్తాను. కానీ డ్రిల్లు పడిందంటే కంపెనీ ఆ ముక్కను ఇక ముట్టుకోదు. ఆకురాయితో రుద్దడం, అతుకు వేయించడం, పాలిష్ పెట్టడం కూడా వద్దు. ఉన్నది ఉన్నట్టు గుడ్డలో చుట్టి మంచం మీద పెట్టు బాబూ. మిగతాది రేపు వివరంగా రాస్తాను.

నెల్లూరు_బ్యాండ్‌సెట్ | నవంబర్ 3, రాత్రి 11.12

సార్ చెప్పిందే కరెక్టు. వారంటీ సంగతి నాకు తట్టలేదు. మా జీవితంలో వారంటీ ఉన్న సింబల్ కొన్నది లేదు.

ఒంగోలు_డ్రమ్ములసార్ | నవంబర్ 4, ఉదయం 6.30

పగులు ఎక్కడ పుట్టింది, ఎటు నడిచింది అన్నదే ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యం. కంపెనీవాళ్ళు ఫొటోలో మొదట చూసేది అదే. కాబట్టి నాకు తెలిసింది చెబుతాను, నీ సింబల్‌తో పోల్చుకో.

నడిమి రంధ్రం దగ్గర మొదలయ్యే పగులు ఒక రకం. స్టాండు కడ్డీకి తొడిగే ప్లాస్టిక్ స్లీవ్ అరిగిపోయినా, పోయినా ఇనుప మరలు నేరుగా కంచును కోస్తాయి. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం పాతకాలపు తాళంకప్ప కన్నంలా ఒకవైపు సాగుతుంది. అక్కడి నుంచి పగులు బయల్దేరుతుంది. ఇది వాడేవాడి నిర్లక్ష్యం కిందే లెక్క. వారంటీ రాదు.

రెండోది అంచు పగులు. అంచు మీద నిట్టనిలువుగా కర్ర భుజంతో, అంటే తల కింద సన్నబడే చోటుతో బాదితే, వింగ్ నట్ (స్టాండు పైన ఉండే రెక్కల మర) బిగించి సింబల్‌ను ఊగనీయకుండా కొడితే వచ్చేది. సింబల్ దెబ్బ తిని ఊగాలి. ఊగడంలోనే ఆ దెబ్బ బలం పోతుంది. బిగించేస్తే బలమంతా లోహంలోనే వంగుడుగా మిగిలి ఒకచోట తెగుతుంది. చాలాసార్లు ముందు అంచు మీద చీమ కొరికినంత నొక్కు పడుతుంది, పగులు అక్కడ పుడుతుంది.

మూడోది లేత్ గీత వెంట నడిచే పగులు. సింబల్ మీద గ్రామఫోన్ ప్లేటులా గుండ్రటి గీతలు ఉంటాయి కదా, అవి లేత్ మీద చెక్కినవి. ఆ గాడిలో లోహం కాస్త పలచన. అంచు దగ్గర మొదలైన పగులు కూడా లోపలికి వచ్చి ఆ గాడిలో మలుపు తిరగవచ్చు. కానీ అంచును తాకకుండా మధ్యలోనే పుట్టి గాడి వెంట పోతే, అంచు మీద నొక్కు కూడా లేకపోతే, తయారీలోనే, పోతలోనో సుత్తి దెబ్బలోనో లోపం ఉందని అడగడానికి నీకు గట్టి ఆధారం ఉన్నట్టే.

ఇంత సులువుగా ఎందుకు పగులుతుందని నా దగ్గర నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. బి20 అంటే 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు తగరం. బి8లో తగరం 8 పాళ్ళే. తగరం ఎక్కువైతే నాదం బాగుంటుంది, పెళుసుదనమూ పెరుగుతుంది. మన పెద్దవాళ్ళ కంచు కంచాల్లోనూ తగరం దాదాపు అంతే, ఇంకాస్త ఎక్కువే. చేయిజారి బండ మీద పడితే ఖంగున మోగి బీటవారేవి. ఇత్తడి చెంబు సొట్టపడుతుంది, కంచు పగులుతుంది. 1623లో ఇస్తాంబుల్‌లో మొదలైన సింబళ్ళు చేసే జిల్జియన్ కుటుంబం నుంచి నేటి కంపెనీల దాకా ఆ నాదం కోసమే ఈ పెళుసుదనాన్ని ఒప్పుకుంటూ వచ్చారు.

ఇప్పుడు చెప్పు. పగులు అంచును తాకుతోందా? రంధ్రం గుండ్రంగానే ఉందా? ఏ కర్రలు వాడతావు? నీ సింబల్ ఇంకెవరైనా వాయించారా?

కావలి_స్టిక్స్ | నవంబర్ 4, మధ్యాహ్నం 1.20

సార్, మీరు చెప్పినట్టే భూతద్దం పెట్టి చూశాను. పగులు అంచును తాకడం లేదు. అంచుకు 3 సెంటీమీటర్ల లోపల, గాడి వెంటే ఉంది. పొడవు 4 సెంటీమీటర్ల దాకా. అంచు చుట్టూ వేలు తిప్పి చూశాను, ఎక్కడా నొక్కు లేదు. రంధ్రం గుండ్రంగానే ఉంది. స్లీవ్ కొన్నప్పుడే కొత్తది వేశాను. కర్రలు 5ఎ, మధ్యరకం మందం.

చివరి ప్రశ్నకు జవాబు రాయాలంటే ఇబ్బందిగా ఉంది. ఆగస్టులో ఒక పెళ్ళి ప్రోగ్రాంలో నాకు జ్వరమొస్తే వేరే అబ్బాయి నా సెట్ మీద రెండు గంటలు వాయించాడు. ఎలా కొట్టాడో నేను చూడలేదు. ఇది కంపెనీకి చెప్పాలా?

చీమకుర్తి_గ్రూవ్ | నవంబర్ 4, సాయంత్రం 5.45

అన్నా, నా అనుభవం చెబుతాను. రెండేళ్ళ కింద నా 18 అంగుళాల క్రాష్ నడిమి రంధ్రం దగ్గర పగిలింది. స్లీవ్ లేదు. పది, ఇరవై రూపాయల ముక్క, అది కొనకుండా నెలల తరబడి నెట్టుకొచ్చాను. ఫొటోలు పంపినప్పుడు స్లీవ్ ఉండేదని రాశాను. వాళ్ళు రంధ్రం దగ్గరి నుంచి తీసిన ఫొటో అడిగారు. మరల గాట్లు వరసగా కనపడుతున్నాయి. ఒక్క లైనులో తిరస్కరించారు. ఆ తర్వాత ఎన్ని మెయిళ్ళు పెట్టినా జవాబు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. లోహం మీద ఎలాగూ రాసే ఉంటుంది.

ఇంకో మాట. మాది గ్రానైట్ ఊరు. క్వారీలో బండను సుత్తితో తట్టి, పలికే తీరును బట్టి లోపల నెర్రె ఉందో లేదో పసిగడతారు. మా నాన్న చేతి పని అది. కొత్త సింబల్ కొన్నప్పుడు నేనూ అదే చేస్తాను. రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి, కర్ర తలతో అంచు చుట్టూ మెల్లగా తట్టుకుంటూ వెళ్ళు. ఒక చోట మూగగా పలికిందంటే అక్కడ అనుమానించాలి. నీ పాత సింబల్‌ను అలా తడుతూ ఫోన్‌లో వీడియో తియ్యి. ఫొటోలో కనపడని పగులు వీడియోలో వినపడుతుంది.

సింగరాయకొండ_క్వయర్ | నవంబర్ 4, రాత్రి 8.10

తమ్ముడూ, బిల్లు ఎవరి పేరు మీద ఉంది? మా చర్చి డ్రమ్ సెట్‌కు సంఘం అంతా చందాలు వేసుకుంది. కొనడానికి వెళ్ళిన అబ్బాయి తన పేరు మీదే బిల్లు తీసుకున్నాడు. తర్వాత అతను ఉద్యోగం మీద బెంగళూరు వెళ్ళిపోయాడు. పెడల్ పాడైనప్పుడు బిల్లు కోసం నెల రోజులు తిరిగాం. బిల్లు దొరికితే ముందు ఫొటో తీసి పెట్టుకో, ఇప్పటి బిల్లుల కాగితం మీద అక్షరాలు ఆరునెలల్లో చెరిగిపోతాయి.

కావలి_స్టిక్స్ | నవంబర్ 4, రాత్రి 8.40

నా పేరు మీదే ఉంది అక్కా. జీఎస్టీ బిల్లు. మీరు చెప్పాక తీసి చూస్తే తేదీ దగ్గర సగం వెలిసిపోయింది. వెంటనే ఫొటో తీశాను. యూపీఐలో కట్టాను కాబట్టి ఆ రికార్డు కూడా ఉంది.

కౌంటర్_వెనక | నవంబర్ 5, ఉదయం 9.30

నేను ఆరేళ్ళు మద్రాసులో వాయిద్యాల షాపులో పని చేశాను, ఇప్పుడు నెల్లూరులో సొంత పని. షాపువాళ్ళు ఫోన్‌లో కాదనడం వెనక సంగతి చెబుతాను. సింబల్ మార్చేది షాపు కాదు. షాపు నుంచి మన దేశంలో ఆ బ్రాండ్ తెచ్చే డిస్ట్రిబ్యూటర్‌కు, అక్కడి నుంచి కంపెనీకి వెళ్తుంది. కౌంటర్లో కుర్రాడికి అదంతా అదనపు పని. చాలామంది ఫోన్‌లో ఒక్క మాటతో తేల్చేస్తారు, కొనేవాళ్ళలో చాలామంది అక్కడితో వదిలేస్తారు. కాబట్టి ఆ మాటను కంపెనీ జవాబు అనుకోవద్దు.

ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో ఇండియా డీలర్ల పేజీ చూడండి, మీ షాపు అందులో ఉందో లేదో. ఉంటే సగం పని అయినట్టే. విదేశాల నుంచి పక్కదారిలో వచ్చిన సరుకైతే సింబల్ అసలుదే అయినా ఇక్కడి డిస్ట్రిబ్యూటర్ బాధ్యత తీసుకోడు. వారంటీ కాలం కూడా బ్రాండ్‌ను బట్టి, ఒక్కోసారి ఒకే బ్రాండ్‌లో సిరీస్‌ను బట్టి మారుతుంది. షాపులో చెప్పింది కాకుండా కంపెనీ పేజీలో ఉన్నది చదవండి.

తర్వాత మెయిల్. షాపుకు పంపుతూ డిస్ట్రిబ్యూటర్‌కు కాపీ పెట్టండి. సింబల్ మొత్తం ముందువైపు, వెనకవైపు, లోగో, సీరియల్ నంబర్ (కొన్నిటికి వెనక లేజర్‌తో చెక్కి ఉంటుంది, వెలుతురుకు వాల్చితేనే కనపడుతుంది), పక్కన స్కేలు పెట్టి పగులు, నడిమి రంధ్రం, మీరు సింబల్ బిగించే తీరు, అంటే స్టాండు, ఫెల్టులు (సింబల్‌కు పైనా కిందా వేసే మెత్తటి బిళ్ళలు), స్లీవ్, ఆఖరున బిల్లు, వీటన్నిటి ఫొటోలు జతచేయండి. ఫ్లాష్ వేయొద్దు, కంచు మీద మెరిసి పగులు మాయమవుతుంది. పొద్దున పూట నీడపట్టున తీయండి. మెయిల్ నాలుగు లైన్లు చాలు. ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు పగిలింది, ఎలా వాడారు, ఏం కావాలి. కోపం వద్దు. అవతల మెయిల్ చదివేవాడు ఉద్యోగి, మీ మెయిల్‌ను పైకి పంపించేది అతనే.

వేరే అబ్బాయి వాయించిన సంగతి వాళ్ళు అడిగితే చెప్పండి. వాయించేవాళ్ళు మారడం తప్పు కాదు.

కావలి_స్టిక్స్ | నవంబర్ 6, ఉదయం 11.00

మెయిల్ పంపేశాను. డీలర్ల పేజీలో మా షాపు ఉంది! ఆగస్టు ప్రోగ్రాం సంగతి అడగకముందే నేనే రాశాను. దాచితే వాయించేటప్పుడల్లా గుర్తొస్తుంది.

కావలి_స్టిక్స్ | నవంబర్ 16, రాత్రి 9.30

పది రోజులైంది. డిస్ట్రిబ్యూటర్ నుంచి చప్పుడు లేదు. షాపు నుంచి మాత్రం రెండు లైన్లు వచ్చాయి. "పగిలిన వస్తువు మార్చబడదు, పైగా మీరు డబ్బుకు వాయిస్తారు కాబట్టి వినియోగదారుల చట్టం మీకు వర్తించదు" అని. ఇది నిజమా? అలాగైతే నాలాంటివాళ్ళం ఎవరికి చెప్పుకోవాలి?

దర్గామిట్ట_వకీలు | నవంబర్ 17, ఉదయం 7.15

నిజం కాదు. వివరంగా చెబుతాను.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవాళ్ళు వినియోగదారులు కారని అందులో ఉన్న మాట వాస్తవమే. కానీ సెక్షన్ 2(7) కిందనే వివరణ ఉంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే కొని, తానే వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. కుట్టుమిషన్ కొనుక్కుని ఇంట్లో కుట్టుకునే దర్జీ వినియోగదారుడే. మీ సింబల్ కూడా అంతే. దానికి తోడు మీరు చర్చిలో వాయిస్తున్నారు.

ఇక దారి. ముందు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్ళు ఫిర్యాదు నమోదు చేసి అవతలివాళ్ళకు పంపుతారు. అది కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు, కానీ జవాబు రాని మెయిల్ అక్కడ కదులుతుంది. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. షాపు మద్రాసులో ఉంది కదా అని అక్కడికి వెళ్ళనక్కర్లేదు. మీరు నివసించే చోట లేదా పని చేసే చోట వేయవచ్చని సెక్షన్ 34 చెబుతోంది. మీకు నెల్లూరు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్ళ గడువు. వకీలు లేకుండా మీరే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు.

ఒక జాగ్రత్త. లోపం తయారీలో ఉందా, వాడకంలో ఉందా అన్నది పరీక్ష లేకుండా తేలనప్పుడు కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపించవచ్చు. అందుకే సింబల్‌ను ఎవరి చేతికీ ఊరికే ఇవ్వకండి. ఇస్తే రసీదు తీసుకోండి. ఆ షాపు పంపిన రెండు లైన్లను కూడా తుడిచేయకండి. ఇన్నాళ్ళూ ఫోన్‌లో అన్నది ఇప్పుడు రాతపూర్వకంగా ఇచ్చారు.

నెల్లూరు_బ్యాండ్‌సెట్ | నవంబర్ 17, ఉదయం 8.05

వకీలు గారికి దండం. బ్యాండ్ మేళం వాళ్ళకు ఈ మాట చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు. మా పిల్లలు క్లారినెట్ కొన్నా, ట్రంపెట్ కొన్నా పాడైతే మా ఖర్మ అనుకునేవాళ్ళం. బిల్లు తీసుకోవడం కూడా లేదు. మా వాళ్ళందరికీ ఇది చదివి వినిపిస్తాను.

కావలి_స్టిక్స్ | నవంబర్ 19, సాయంత్రం 6.40

1915కు నిన్న చేశాను. ఓపికగా విన్నారు, నంబర్ ఇచ్చారు. ఈ రోజు డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి మెయిల్! వారంటీ విభాగానికి పంపామని, పగులును వెనకవైపు నుంచి, ఇంకా దగ్గరగా తీసి పంపమని అడిగారు. ఫిర్యాదు వల్ల వచ్చిందో, మొదటి మెయిల్ వంతు ఇప్పుడు వచ్చిందో తెలియదు. వెంటనే పంపాను.

ఒంగోలు_డ్రమ్ములసార్ | నవంబర్ 19, రాత్రి 7.00

మంచిది. ఈలోగా క్రిస్మస్‌కు ఏం వాడతావు? ఖాళీ స్టాండుతో ప్రాక్టీస్ చేయకు, చేయి ఆ చోటు మరిచిపోతుంది. నా దగ్గర పాత 16 బి8 ఉంది. నాదం కాస్త కోసుగా ఉంటుంది, కానీ గట్టిది. ఒంగోలు వచ్చి తీసుకెళ్ళు.

కావలి_స్టిక్స్ | నవంబర్ 20, ఉదయం 6.10

సార్, ఆదివారం మధ్యాహ్నం వస్తాను. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

కావలి_స్టిక్స్ | డిసెంబర్ 9, మధ్యాహ్నం 2.25

ఒప్పుకున్నారు! "పరిశీలించిన మీదట మార్చి ఇస్తున్నాం" అని ఒకే వాక్యం. కారణం రాయలేదు. పాత సింబల్ షాపులో అప్పగించి కొత్తది తీసుకోమన్నారు. ఆ షాపు నుంచే నిన్న ఫోన్ కూడా వచ్చింది, మర్యాదగానే మాట్లాడారు.

కౌంటర్_వెనక | డిసెంబర్ 9, సాయంత్రం 4.00

శుభం. రెండు పనులు మరిచిపోకు. కొత్తది షాపులోనే విప్పి, చీమకుర్తి తమ్ముడు చెప్పినట్టు వేలాడదీసి తట్టి చూడు. అదే మోడల్ అయినా ప్రతి సింబల్ గొంతు వేరు. రెండు, మూడు ఉంటే విని ఎంచుకుంటానని అడుగు, ఇస్తే ఇస్తారు. రెండోది, మార్చి ఇచ్చినదానికి వారంటీ కొత్తగా మొదలవుతుందా, పాత బిల్లు తేదీ నుంచే లెక్కా అని కాగితం మీద రాయించుకో. చాలాచోట్ల పాతదానిలో మిగిలిన కాలమే వర్తిస్తుంది.

కావలి_స్టిక్స్ | డిసెంబర్ 13, రాత్రి 11.20

పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు వెళ్ళి, ఇప్పుడే ఇంటికి చేరాను. రెండు చూపించారు. మొదటిది కొంచెం పైస్థాయిలో పలికింది. రెండోది తట్టగానే నా పాతదాని గొంతే గుర్తొచ్చింది, అదే తీసుకున్నాను. వారంటీ వచ్చే జూన్ వరకే అని బిల్లు వెనక రాసి స్టాంపు వేశారు. పాతదానికి రసీదు ఇచ్చారు. అప్పగించేటప్పుడు బాధగానే అనిపించింది, నా కష్టంతో కొన్న మొదటి మంచి సింబల్ అది.

రైల్లో ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. గూడూరు దాటాక పక్కసీటు పెద్దాయన ఏంటది అని అడిగితే విప్పి చూపించాను. వేలి గణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, నాదం పూర్తిగా ఆగేదాకా విన్నారు.

24 రాత్రి ఆరాధన 11 గంటలకు మొదలవుతుంది. సార్, మీ బి8 అప్పుడు తెచ్చిస్తాను అనడం కన్నా, మీరే కావలి రాగలిగితే ఇంకా సంతోషం.

సింగరాయకొండ_క్వయర్ | డిసెంబర్ 14, ఉదయం 5.50

దేవునికి స్తోత్రం తమ్ముడూ. వీడియో పెట్టు, మా పిల్లలు వింటారు.

ఒంగోలు_డ్రమ్ములసార్ | డిసెంబర్ 14, ఉదయం 6.15

వస్తాను బాబూ. స్లీవ్‌లు నాలుగు ఎక్కువ తెస్తాను, నీ స్టాండ్లన్నిటికీ మార్చేద్దాం. బి8 నీ దగ్గరే ఉంచు, రెండో స్టాండుకు వాడుకుందువు.